ఉన్నత పాఠశాల బేస్‌బాల్ అంపైర్ల యూనిఫారం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉన్నత పాఠశాలల బేస్‌బాల్ పోటీలను నిర్వహించే అంపైర్లు నియమబద్ధమైన దుస్తులు, రక్షణ పరికరాలు ధరిస్తారు. 1920లో ఏర్పడిన రాష్ట్ర ఉన్నత పాఠశాల సంఘాల జాతీయ సమాఖ్య (ఎన్.ఎఫ్.హెచ్.ఎస్.) ఆట నియమావళిని ప్రచురిస్తుంది. ఈ సంస్థ కేంద్రం ఇండియానాపొలిస్. అయితే చొక్కా రంగు వంటి విషయాలలో రాష్ట్ర సంఘాల నిర్ణయమే చెల్లుతుంది కనుక రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడాలు కనిపిస్తాయి.

సాధారణంగా ముదురు నీలం, లేత నీలం లేదా నలుపు చొక్కా, బూడిద రంగు ప్యాంటు, నల్ల బూట్లు, టోపీ వాడతారు. ఒకే ఆటలో ఉన్న అంపైర్లందరి చొక్కాలూ ఒకే రంగులో ఉండాలి. పూర్వం నుండీ ఉన్న నీలి దుస్తుల వలన అంపైరును "బ్లూ" అని పిలవడం అలవాటైంది. నల్ల చొక్కా తొడుక్కున్నవారికీ ఆ పిలుపు తప్పదు.

==రక్షణ పరికరాలు==
బేస్‌బాల్ బంతి బరువు సుమారు 142-149 గ్రాములు. బ్యాటు అంచుకు తగిలిన బంతి, క్యాచర్ వెనుక నిలబడిన ప్లేట్ అంపైరును నేరుగా తాకవచ్చు. అందువలన ఆయన ముఖానికి మాస్కు, చొక్కా లోపల ఛాతీ కవచం, ప్యాంటు లోపల కాలి కవచాలు ధరిస్తాడు. వాటికి చోటుండేలా ఆ దుస్తులను వదులుగా కుడతారు. ఆయన టోపీ అంచు పొట్టిగా ఉంటుంది. అంచు పొడవైతే మాస్కు తీసేటప్పుడు టోపీ కూడా ఊడివచ్చి, బంతిని గమనించవలసిన క్షణంలోనే దృష్టి చెదురుతుంది. బేస్ అంపైరు ఈ కవచాలేవీ ధరించడు.

చాలాచోట్ల అంపైర్లు వీటన్నిటినీ సొంత ఖర్చుతోనే కొనుక్కోవాలి. కొత్తగా చేరేవారికి ఇది చిన్న భారమేమీ కాదు.