చెంచా, సీసం, మునిగిన ఊళ్ళు

మా టీములో ఒక పెద్దాయన ఉన్నారు. కోబాల్ కాలం మనిషి. శనివారం వస్తే చాలు, బండి వెనక పడవ తగిలించుకుని కెంటకీ లేక్‌కి వెళ్ళిపోతారు. మేముండే నాష్‌విల్ నుంచి రెండు గంటల దారి. పోయిన ఏప్రిల్‌లో ఒక రిలీజు గొడవ లేకుండా గట్టెక్కిన సంతోషంలో నన్నూ రమ్మన్నారు. గాలం అంటే నాకు తెలిసింది చిన్నప్పుడు వెదురు కర్రకి దారం కట్టి, వానపామును గుచ్చి, బెండు మునిగేదాకా కాలవ గట్టున కూర్చోవడమే. అందుకని ఆయన నా చేతిలో పెట్టిన వస్తువు చూసి, ఇంట్లో ఆవిడ జుంకా పొరపాటున డబ్బాలో పడిందేమో అనుకున్నా :)

చిన్న సీసం గుండు. దాంట్లోంచి వచ్చిన కొక్కెం. కొక్కేనికి తొడిగిన మెత్తటి ప్లాస్టిక్ పురుగు. పైన పిన్నీసులా వంచిన తీగ, దాని చివర గిర్రున తిరిగే గోరంత రేకు. దీన్ని స్పిన్నర్ జిగ్ అంటారట. మేం పట్టబోయేది క్రాపీ అనే చేప. ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తే చెత్త అని అర్థమొచ్చే మాటలా ఉంటుంది గానీ ఇది ఇక్కడి జనానికి మహా ఇష్టమైన చేప. లూసియానాలో దీన్ని ఫ్రెంచి మాటతో 'సాకలే' అంటారు, అంటే పాలసంచి. 1993లో తెల్ల క్రాపీని ఆ రాష్ట్రపు మంచినీటి చేపగా ప్రకటించుకున్నారు కూడా.

అలవాటు కొద్దీ (మన వృత్తి రోగం) ఈ పరికరాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఇలా చేశారని వెతకడం మొదలుపెట్టా. గంటలో అయిపోతుందనుకున్నది రెండు వారాంతాలు తినేసింది.

రేకు కథ జూలియో బ్యూల్‌తో మొదలవుతుంది. వెర్మాంట్‌లో బోమోసీన్ సరస్సు మీద పడవలో తింటూ ఉంటే చేతిలో చెంచా జారి నీళ్ళలో పడిందట, అది తళుక్కుమంటూ దిగుతుంటే పెద్ద చేప వచ్చి లాక్కుపోయిందట. న్యూటన్ ఆపిల్ లాంటి కథ, నమ్మడం మానడం మీ ఇష్టం. 1852లో ఆయన తీసుకున్న పేటెంటు మాత్రం నిజం. కానీ అది తేట నీళ్ళ సరస్సుల్లో, పడవ వెనక దారం కట్టి లాగడానికి చేసిన ఎర. క్రాపీ కోసం కాదు. జిగ్, అంటే సీసం పోసిన కొక్కెం, దాని దారిన అది వేరేగా ఉండేది. ఈ రెండూ కలిసి క్రాపీ వేటగాడి డబ్బాలోకి చేరడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. నన్ను కుదురుగా ఉండనివ్వని ప్రశ్న అదే. ఇంత చిన్న ఐడియాకి వందేళ్ళెందుకు?

కారణాల్లో రెండు తేలిగ్గానే దొరికాయి. ఈ జిగ్ బరువు ఔన్సులో పదహారో వంతు, అంటే 2 గ్రాములు కూడా లేదు. పాతకాలపు లావు దారంతో, బరువైన రీలుతో దీన్ని విసిరితే పడవ అంచు కూడా దాటదు. డూపాంట్ కంపెనీ 1938లో నైలాన్‌ని లోకానికి చూపించింది, సన్నటి నైలాన్ దారం ఆ తర్వాతే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక యూరప్ నుంచి తేలికపాటి స్పిన్నింగ్ రీళ్ళు వచ్చాయి. 1949లో టల్సాలో, నూనె బావుల్లో వాడే బాంబులు తయారుచేసే జీరో అవర్ బాంబ్ కంపెనీ మూత ఉన్న రీలు చేయడం మొదలుపెట్టింది. జెబ్కో అనే పేరు ఆ బాంబుల కంపెనీ పేరుకి పొట్టిరూపమే!

కానీ అసలు కారణం దారమూ కాదు, రీలూ కాదు. నీళ్ళు.

1933 మే 18న రూజ్వెల్ట్ సంతకంతో టెన్నెసీ వ్యాలీ అథారిటీ, టీవీయే, పుట్టింది. 1936లో నోరిస్ ఆనకట్ట అయింది, 1938లో మొదలైన కెంటకీ డ్యామ్ 1944లో అయింది. దాని వెనక నిలిచిన నీళ్ళే కెంటకీ లేక్, పొడవు 184 మైళ్ళు. ఇటు మిసిసిపీ రాష్ట్రంలో, 1927 నాటి మహా వరద దెబ్బకి, సైన్యపు ఇంజనీర్లు సార్డిస్ (1940), ఆర్కబుట్ల (1943), ఈనిడ్ (1952), గ్రెనడా (1954) కట్టుకుంటూ పోయారు. ఒక్క తరంలో దక్షిణాదిలో నదుల చోట చెరువులొచ్చాయి. నోరిస్ కొత్తలో ఇలాంటి జలాశయాలు చేపలకి ఎడారులవుతాయని అనుకున్న శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు. ఆర్.డబ్ల్యు. ఎష్‌మేయర్ అక్కడే ఏళ్ళ తరబడి లెక్కలు కట్టి, సంగతి అందుకు పూర్తిగా వ్యతిరేకమని తేల్చాడు. కొత్తగా మునిగిన నేలలో సారం నీళ్ళలోకి దిగుతుంది, పురుగూ చిన్న చేపా పెరుగుతాయి, వాటి వెనకే క్రాపీ. తెల్ల క్రాపీ ప్రపంచ రికార్డు, 5 పౌండ్ల 3 ఔన్సులు, 1957 జులైలో ఈనిడ్‌లోనే పడింది. ఆనకట్ట కట్టిన ఐదేళ్ళకి!

ఇక్కడ స్పిన్నర్ జిగ్ అవసరం అర్థమవుతుంది. తెల్ల క్రాపీ మట్టి నీళ్ళకి బాగా ఓర్చుకునే చేప. అలాంటి చోట దానికి ఎర కనబడాలంటే తళుకు కావాలి, కనబడకపోతే నీటి కదలికైనా తగలాలి. రేకు రెండూ చేస్తుంది. సీసం దాన్ని కావలసిన లోతుకి దించుతుంది. 1958లో మిజోరీకి చెందిన బర్ట్ హాల్ గుర్రం తలలాంటి సీసం గుండుకి అడుగున రేకు వేలాడదీసి రోడ్ రన్నర్ అని పేరు పెట్టాడు. కాన్సాస్ సిటీ చక్ వుడ్స్ రూపకల్పన, వర్జిల్ వార్డ్ కంపెనీ అమ్మిన బీటిల్ స్పిన్ వచ్చింది. నా చేతిలో జుంకా అదే. దాని అందమేంటంటే ఆ తీగా రేకూ విడిగా ఊడొస్తాయి, ఏ జిగ్‌కైనా తగిలించుకోవచ్చు. ప్లగిన్ అన్నమాట.

ఎంచుకోవడంలో పెద్దాయన చెప్పిన సూత్రాలు కొన్నే. గుండ్రటి రేకు (కొలరాడో అంటారు) నెమ్మదిగా లాగినా తిరుగుతుంది, నీళ్ళని బాగా కదిలిస్తుంది, మట్టి నీళ్ళకి అదే. విల్లో ఆకులా సన్నగా ఉండే రేకు తిరగాలంటే వేగంగా లాగాలి, తేట నీళ్ళకి సరే. ఎండకి వెండి రంగు, మబ్బుకీ మురికి నీళ్ళకీ బంగారు రంగు. క్రాపీ కళ్ళు పైకి చూస్తాయి కాబట్టి ఎర దాని తల మీదుగా పోవాలి, కింద నుంచి కాదు. అన్నిటికన్నా ముఖ్యం, లాగడం నెమ్మదిగా. నేను మొదటి గంటంతా డెడ్‌లైన్ ఉన్నట్టు రీలు తిప్పేశా. ఒక్కటి పడలేదు. తర్వాత పడింది, ఎగిరి గుంజా, చిరిగిన పెదవి వదిలేసి పోయింది. దీని పెదవి కాగితమంత పలుచనట. పడ్డాక గుంజకూడదు, కర్ర వంగి ఉంచి ఊరికే తిప్పుతూ ఉండాలి.

మధ్యాహ్నం పెద్దాయన పడవ ఆపి చేత్తో నీళ్ళు చూపించారు. "ఇక్కడ బర్మింగ్‌హామ్ అని ఊరుండేది, మా తాత వాళ్ళది" అన్నారు. అలబామాలో ఉన్నది కాదు, కెంటకీలోది. చలికాలం నీటిమట్టం ఐదడుగులు దించుతారు, అప్పుడు పాత పునాదులు బయటపడతాయి. ఆయన అంతకుమించి ఏమీ అనలేదు, రేకు మార్చి మళ్ళీ విసిరారు.

మనవాళ్ళకి ఈ టీవీయే పరాయిదేమీ కాదు. 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ పెట్టినప్పుడు మన పెద్దలు చూసుకున్న నమూనా ఇదే. తర్వాత మనమూ కట్టాం, కృష్ణ మీదా తుంగభద్ర మీదా. కట్టొద్దని నేననను, ఆ కరెంటు దీపం కిందే చదువుకున్నా. కాకపోతే ఇంజనీరింగు నాలుగేళ్ళలో ఆనకట్ట గురించి వచ్చిన ఏ ప్రశ్నలోనూ కింద ఊరుందని రాయలేదు.

మా అవ్వది కృష్ణ ఒడ్డున ఊరు. 1981లో మునిగింది. అప్పటికి మా అమ్మకి పదకొండేళ్ళు. ఆ ఆదివారం ఫోను చేసినప్పుడు ఈ లేక్ సంగతి చెప్పా.

"ఆడ కూడా ముంచినారా?" అంది.

ముంచారవ్వా, వీళ్ళు సమాధులు కూడా లెక్కరాసి, చుట్టాలు కావాలంటే తవ్వి ఎత్తు మీదికి మార్చారట అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మీ ముత్తాతది ఆడనే ఉండాది" అంది. నాకేమనాలో తోచలేదు.

"ఆ చేపలు తింటివా?"

తిన్నానవ్వా, మొక్కజొన్న పిండిలో వేయించారు, బాగున్నాయి అన్నా.

"ముండ్లు ఎక్కువుంటాయా?" అని అడిగింది.