బస్తరు పాటలో ప్రణయము, వియోగము

స్వీడను దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ బస్తరు మురియాల నడుమ తీసిన చిత్రము 1957లో వెలువడినది. ఆంగ్లమున దానిని ‘వేణువు, బాణము’ అను అర్థమిచ్చు పేరుతో పిలిచిరి. సంగీతము రవిశంకరుది. 1958లో అది కాన్ చిత్రోత్సవమునకు వెళ్ళినది. లోకమునకు జ్ఞాపకమున్నది మాత్రము పులిపిల్లతో ఆడుకొనిన చెందృ అను బాలుడు. బాణము కన్నులకు కనబడును గాని, వేణువు వెనుక నున్న పాటల సంప్రదాయమును విచారించినవారు తక్కువ.

ఆ సంప్రదాయమునకు నిలయము ఘోటుల్. మురియా గ్రామములలో అవివాహితులైన యువతీయువకులు సాయంకాలము చేరు శాల అది. యువకుని చేలిక్ అనియు, యువతిని మోటియారి అనియు అందురు. దీనిని నెలకొల్పినవాడు లింగో అని వారి విశ్వాసము. అతడు ఒక్కసారిగా పదునెనిమిది వాద్యములు వాయించెనట! దేవుడు ముందు వాద్యకారుడు, ఆపైననే శాసనకర్త. వెరియర్ ఎల్విన్ 1947లో వెలువరించిన ‘ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్’ ఈ వ్యవస్థకు నేటికిని ప్రధానాధారము. దానిని చదివి ఘోటుల్ హద్దులెరుగని స్వేచ్ఛకు పుట్టినిల్లని తలచినవారు కొందరు కలరు. వారు ఆ గ్రంథమును సగమే చదివిరని నా అభిప్రాయము.

ఏలయన, ఘోటుల్‌లో మనసు కలిసినవారికే వివాహము జరుగునన్న నియమము లేదు. చేలిక్ తన చెలికి దువ్వెన చెక్కి యిచ్చును, ఆమె దానిని కొప్పున ధరించును. పెండ్లి మాత్రము సాధారణముగా పెద్దలు కుదిర్చినదే, మేనరికమునకే మొగ్గు. మేనరికము మాట తెలుగువారికి వివరింప నక్కరలేదు. పెండ్లి కుదిరిన మోటియారి ఘోటుల్‌ను విడిచిపోవలెను. ఆ వీడ్కోలునకు పాటలు కలవు. చెలులందరును కూడి పాడుదురు. దుఃఖము ఒకతెది, గొంతు గుంపుది.

మన చలనచిత్రములకు ఇది ఎంత దూరము! 1951 నాటి ‘మల్లీశ్వరి’లో ప్రేమికులను విడదీయునది రాజాంతఃపురము. కృష్ణశాస్త్రి పదములకు సాలూరు రాజేశ్వరరావు కట్టిన వరుసలలో ఆ యెడబాటు ఒక్కొక్క హృదయపు వేదనగా వినిపించును. శ్రోత చివరి సమాగమమునకై వేచియుండును. మురియా యువతికి అట్టి నిరీక్షణ లేదు. ఎడబాటు రాగలదని మొదటి నాటనే ఎరుగును, ఎరిగియు పాడును. ‘రేలో’ అను పల్లవి ఆటకును, వలపునకును సరిపోవుట నాకు ఆశ్చర్యము గొలుపదు. ఎల్విన్ ఆంగ్లానువాదములలో భావము దక్కినది. ఆ పల్లవిని పదిమంది అందుకొన్నప్పుడు కలుగు ఊరట అచ్చునకు ఎక్కలేదు. ఇంకొకటి: గోండీలోను పాటను ‘పాట’ యనియే అందురు.

చేదైన ప్రణయము బస్తరులో లేదనరాదు. ఝిట్కు, మిట్కి కథ కలదు. ఒక కథనము ప్రకారము చెరువులో నీరు నిలుచుటకై మిట్కి అన్నలు ఆమె ప్రియుడు ఝిట్కును బలియిచ్చిరి, ఆమెయు ప్రాణము విడిచెను. జనులు వారిరువురిని దేవతలను చేసికొనిరి.

నేడు ఘోటుళ్ళు చాలవరకు క్షీణించినవి, వీడ్కోలు పాటలు పాడు సందర్భమే అరుదగుచున్నది. కొండగాఁవ్ ఘడవా పనివారు మాత్రము మైనపు రూపమునకు మట్టి పూసి, మైనము కరగిన చోట లోహము పోసి ఆ జంటను నేటికిని మలచుచున్నారు.