శస్త్రచికిత్స ఇచ్చిన పన్నెండేళ్లు



జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్ వైపు ఉదయపు నడకకు వెళ్లినప్పుడు తోటి పెద్దల మాటల్లో రెండు పేర్లు తరచుగా దొర్లుతుంటాయి: నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు. ఇద్దరూ 1923లో కృష్ణా జిల్లాలో జన్మించినవారే. ఇద్దరికీ అమెరికాలో గుండె శస్త్రచికిత్స జరిగింది. నేడు రామారావుగారి చరిత్రను ఒక వైద్యుని దృష్టితో స్మరించుకుందాం.

నిమ్మకూరులో పుట్టిన రామారావుగారు కొద్దికాలం సబ్‌రిజిస్ట్రారుగా పనిచేసి, ఆ కొలువు విడిచి 1949లో ‘మనదేశం’ చిత్రంతో తెరకు పరిచయమయ్యారు. మూడు దశాబ్దాలకు పైగా నటించి, 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించారు. తొమ్మిది నెలలు ఊరూరా చైతన్యరథంపై తిరిగి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన వయస్సు 59.

మరుసటి ఏడాది గుండె మొరాయించింది. బైపాస్ అంటే కాలి నుంచో రొమ్ము నుంచో తీసిన రక్తనాళంతో, మూసుకుపోయిన గుండె ధమనిని దాటి రక్తానికి కొత్త దారి కల్పించడం. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రెనే ఫవలోరో ఈ పద్ధతికి రూపమిచ్చారు. మన దేశంలో అది తొలిసారి 1975లో మద్రాసులో జరిగింది. నాగేశ్వరరావుగారు 1974లోనే అమెరికా వెళ్లవలసిరావడానికి కారణం ఇదే.

రామారావుగారు 1984లో అమెరికాలో శస్త్రచికిత్స చేయించుకుని తిరిగివచ్చిన కొద్ది రోజులకే, ఆగస్టు 16న, గవర్నరు రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావుగారిచేత ప్రమాణం చేయించారు. కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. బరువులెత్తరాదని, ఆవేశపడరాదని మేము రోగికి చెప్పే కాలమది. ఆ కాలంలోనే ఆయన తన శాసనసభ్యులను వెంటబెట్టుకుని, చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు. ప్రజలు వీధుల్లోకి వచ్చారు. గవర్నరు మారారు. సెప్టెంబరు 16న పదవి తిరిగి లభించింది. ప్రజాస్వామ్య చరిత్రలో అది ఘనవిజయం. అయితే నా రోగి ఎవరైనా అలా చేయబోతే నేను అనుమతించి ఉండేవాణ్ణి కాను.

ఆ విజయం వెనుక ఒక వైద్యసత్యం మరుగునపడింది. బైపాస్ అడ్డంకిని దాటిస్తుందే గాని, అడ్డంకిని పుట్టించిన వ్యాధిని నిర్మూలించదు. మిగిలిన ధమనుల్లో కొవ్వు పేరుకోవడం ఆగదు. అందుచేత శస్త్రచికిత్స చికిత్సకు ముగింపు కాదు, ఆరంభం మాత్రమే.

చికిత్స ఇచ్చిన కాలాన్ని రామారావుగారు వృథా చేయలేదు. 1986లో విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వెలసింది. అర్ధాంగి బసవతారకంగారు క్యాన్సర్‌తో మరణించగా, ఆమె పేరిట ఆసుపత్రి సంకల్పించారు. బంజారాహిల్స్‌లో అది 2000 జూన్ 22న ప్రారంభమైంది. దాన్ని చూడడానికి ఆయన లేరు. 1994 డిసెంబరులో మళ్లీ ముఖ్యమంత్రి అయి, 1995లో పదవి కోల్పోయి, 1996 జనవరి 18న తెల్లవారుజామున గుండెపోటుతో బంజారాహిల్స్ నివాసంలో కన్నుమూశారు. వయస్సు 72. మనోవ్యథే మృత్యుకారణమని అనేవారున్నారు. వ్యథ గుండెకు భారమన్నది నిజమే గాని, ఒక వ్యక్తి మరణానికి అదే కారణమని ఏ వైద్యుడూ నిర్ధారించలేడు.

నాగేశ్వరరావుగారు శస్త్రచికిత్స అనంతరం అన్నపూర్ణ స్టూడియో నిర్మించి, నలభై ఏళ్లు జీవించి 2014లో పరమపదించారు. ఒకరి గుండెను మరొకరి గుండెతో పోల్చి తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఇద్దరి జీవితాలూ చెప్పేది ఒక్కటే: ఆపరేషన్ మనకు కాలాన్నిస్తుంది, దాన్ని కాపాడుకోవడం చాలావరకు మన వంతు.

కనుక బైపాస్ గానీ స్టెంట్ గానీ అయినవారు మాత్రలను సొంతంగా మానరాదు. రక్తపోటు, చక్కెర, కొవ్వు క్రమంగా పరీక్షించుకోవాలి. పొగాకు ముట్టరాదు. తెల్లవారుజామున ఛాతీ బరువెక్కినా, చెమటలు పట్టినా గ్యాస్ అని సోడా తాగి కూర్చోకండి. 1996లో పిలవడానికి 108 వాహనం లేదు, అది 2005లో వచ్చింది. ఇప్పుడు మనకు ఉన్నది. పిలవండి.