పూటకూటింటి నుంచి ఫ్యామిలీ రెస్టారెంటు వరకు

నెల్లూరు నుంచి మైపాడు, ముత్తుకూరు వైపు సాగే రోడ్ల పక్కనా, కావలి, కోవూరు బజార్లలోనూ నేడు తరచుగా కనిపించే ఫ్యామిలీ రెస్టారెంటు, అనగా పిల్లాపెద్దలతో ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని తినగల సాధారణ భోజనశాల, ఇటీవలి సౌకర్యంగా తోచినప్పటికీ, ఎవరు వండినది ఎవరు తినవచ్చు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చు అన్న ప్రశ్నల చుట్టూ తెలుగు సమాజంలో ఎంతోకాలం సాగిన పెనుగులాట నుంచే అది పుట్టింది.

సొమ్ము తీసుకుని పరాయివారికి అన్నం పెట్టడం తెలుగునాట కొత్త కాదు. ఓరుగల్లు నగరాన్ని వర్ణించిన పాత తెలుగు కృతి క్రీడాభిరామంలో లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, అప్పుడే కాచిన నెయ్యి, అరటిపండ్లు, గడ్డపెరుగు దొరికేవని ఉంది. ఇలా పూటకింత అని సొమ్ము తీసుకుని భోజనం పెట్టే ఇంటిని పూటకూటిల్లు అనేవారు. తరువాతి కాలంలో దానిని నడిపినవారిలో వేరే ఆధారం లేని వితంతువులు ఎక్కువగా ఉండేవారు. దాతలు కట్టించిన సత్రంలో బాటసారికి ఉచితంగా అన్నం దొరికేది గానీ, రెండుచోట్లా పంక్తి, అంటే కలిసి కూర్చునే వరుస, కులాన్ని బట్టే సాగేది.

1899లో మద్రాసు, బెజవాడల మధ్య రైలుదారి నెల్లూరు మీదుగా కలిసిన తరువాత, కచేరీ పనులకూ, కోర్టు వ్యాజ్యాలకూ, చదువులకూ పట్టణానికి వచ్చేవారు పెరిగి, కాఫీ హోటలుకూ భోజన హోటలుకూ ఆదరవు కలిగింది. బ్రాహ్మణ వంటవారు, ఉడుపి నుంచి వచ్చినవారు నడిపిన ఈ శాకాహార హోటళ్ల సంప్రదాయం నెల్లూరులోని కోమల విలాస్ వంటి పేర్లలో నేటికీ వినిపిస్తుంది. మాంసం వడ్డించే చోటు వేరుగా ఉండేది. దక్షిణాదిన దానికి మిలిటరీ హోటలు అన్న పేరు స్థిరపడింది. ఈ హోటళ్లలో చాలావాటి గడప దాటే అర్హతను కులమే నిర్ణయించేది.

పొట్టి శ్రీరాములు 1946–48 మధ్య నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల ప్రవేశం కోసం నిరాహారదీక్ష పట్టినదీ ఇలా కులం గడపలను కాసిన రోజుల్లోనే. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలతో పాటు హోటళ్లనూ భోజనశాలలనూ పేరెత్తి మరీ చెప్పి, కులం కారణంగా ఎవరినీ అక్కడికి రాకుండా ఆపరాదని శాసించింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం అలా ఆపినవారికి శిక్ష విధించింది. పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి, అనగా దళితులకు వేరే గ్లాసు ఉంచే దురాచారం, ఆ తరువాత కూడా చాలాకాలం సాగిందన్నది నిజమే. అయినా భోజనశాల చరిత్రలో ఏ వంటకం కన్నా, ఏ యజమాని కన్నా ఆ అధికరణానికే పెద్దపీట వేయాలి.

కులం గోడ సడలినా హోటలు చాలాకాలం మగవారి చోటుగానే మిగిలింది. ఇల్లాలు బయట తినడం మర్యాద కాదన్న భావన బలంగా ఉన్న రోజుల్లో, ఆసుపత్రి పనికో పెళ్లిబట్టల కొనుగోలుకో పట్నం వచ్చిన స్త్రీల కోసం హోటళ్లు ఒక మూలన చెక్కతడికలు, తెరలు కట్టి ఫ్యామిలీ రూము ఏర్పాటు చేశాయి. స్త్రీని చూపుల నుంచి దాచడానికే కట్టిన ఆ తెర, నలుగురూ తినే చోట ఆమెకు మొదటి కుర్చీని కూడా ఇచ్చింది. కాలక్రమంలో తెరలు పోయి, మూలగదికి ఉన్న పేరు హోటలు మొత్తానికీ వచ్చింది.

ఈ మార్పుకు నెల్లూరు జిల్లాలో మరొక నేపథ్యం ఉంది. జిల్లాలోని దూబగుంట గ్రామ స్త్రీల చొరవతో 1990ల ఆరంభంలో రేగిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా వ్యాపించగా, 1993లో సారా నిషేధమూ, 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలి బార్ అండ్ రెస్టారెంటు బోర్డులు మళ్లీ వెలిశాక, ఫ్యామిలీ అన్న మాట ఇక్కడ మందు ఉండదు, ఆడవారు నిశ్చింతగా రావచ్చు అన్న హామీగా పనిచేసిందని చెప్పవచ్చు.

ఇక వంట సంగతి. నెల్లూరు చేపల పులుసు ఇంటి పొయ్యి మీద నుంచి హోటలు బల్ల మీదికి చేరడానికి రుచి ఒక్కటే కారణం కాదు. కొరమీనును గానీ బొమ్మిడాయిలను గానీ చిక్కని చింతపండు రసంలో ఉడికించి, కాలాన్ని బట్టి పచ్చిమామిడి ముక్కలు చేర్చి దించే ఈ పులుసు, దించిన వెంటనే కన్నా కొన్ని గంటలు ఊరిన తరువాతే బాగుంటుంది. పులుపు వల్ల త్వరగా పాడవదు కూడా. పొద్దున వండి పొద్దుపోయేదాకా వడ్డించవలసిన చోటికి ఇంతకన్నా అనువైన కూర లేదు. పెన్న మీది నెల్లూరు, సంగం ఆనకట్టల కింద పండే వరి దానికి తోడైంది. 1990ల నుంచి తీరమంతా రొయ్యల చెరువులు విస్తరించడంతో రొయ్యల వేపుడు, ఇగురు కూడా హోటలు వంటకాల పట్టికలో చేరాయి. రొయ్యలకు సోకే తెల్లమచ్చ వ్యాధి, తీరంలో రొయ్యల సాగుపై 1996 డిసెంబరులో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ఆ సాగును కుదిపినా, 2009 తరువాత వనామీ రకం రొయ్యతో అది తిరిగి పుంజుకుని, తీర మండలాల్లోని కొన్ని కుటుంబాలకు ఆదివారం బయట తినే స్తోమతను కూడా ఇచ్చింది.

అయితే కుటుంబమంతా వచ్చి కూర్చున్న ఈ రెస్టారెంట్లలో వంటగది సాధారణంగా మాస్టరు అని పిలిచే మగ వంటవాడి చేతుల్లోనే ఉంది. పూటకూళ్లమ్మ పేరుతో ఒకప్పుడు యజమానురాలై నిలిచిన స్త్రీ, వంట పెద్ద వ్యాపారమయ్యే కొద్దీ పొయ్యికి దూరమై, కూరగాయలు తరిగే పనికో అంట్లు తోమే పనికో పరిమితమైంది. ఆమె ఇప్పటికీ గరిటె పట్టుకుని కనిపించేది భార్యాభర్తలు కలిసి నడుపుకునే చిన్న మెస్సుల్లో, ఇంటికి కూరలు కట్టి ఇచ్చే కర్రీ పాయింట్లలో.