రైలుపటము: కొన్ని ఐచ్ఛిక నియమములు



మా నర్సింహులపేటకు రైలుబండి రాదు. రైలెక్కవలెనన్న మహబూబాబాదునకో డోర్నకలునకో పోవలెను. “తాతా, రైలుకట్ట మన ఊరిమీదుగా ఏల పోలేదు?” అని నా మనుమరా లడిగెను. నోటితో ఉత్తరము చెప్పుటకు మారుగా నేనొక ఆటను కల్పింపబూనితిని. ఆ ముచ్చటయే నేటి నా ప్రసంగము.

పెద్ద అట్టమీద వాడి మొదలుకొని బెజవాడ వరకు గల ఊళ్లను వ్రాసితిని. వైకుంఠపాళిలో వలెనే గవ్వలు వేయవలెను. పడిన పందెమును బట్టి కాగితపు రూకలతో కట్ట వేసికొనుచు పోవలెను. ఎక్కువ లాభము గడించినవాడు గెలుచును. పసిపిల్లల కింతియే చాలును. పెద్దపిల్లలకై చరిత్ర నియమములను వేరుగా వ్రాసితిని. ఇష్టమైనవారు వానిని గైకొనవచ్చును, లేనివారు విడువవచ్చును.

మొదట నేను పొరబడితిని. ఒక్కొక్క ఆవృత్తి ఒక సంవత్సరమని యేర్పరచి, 1874లో వాడి నుండి సికింద్రాబాదు, 1886లో వరంగల్లు, 1888లో ఇల్లెందు, 1889లో బెజవాడ చేరి తీరవలెనని శాసించితిని. పిల్లలు రెండు దినములలో విసిగిరి. “అన్నియు ముందే వ్రాసియుంచితివి, ఇక మేమాడున దేమున్నది?” అనిరి. వారి మాట న్యాయమే. బడిలో ఏండ్ల తరబడి నేను తేదీలను వల్లె వేయించినవాడనే గదా! తేదీ ఫలము వంటిది. కారణము విత్తనము వంటిది. అంతట తేదీలను తుడిచివేసి, కారణములనే నియమములుగా వ్రాసితిని.

మొదటిది బొగ్గు నియమము. డోర్నకలు నుండి శాఖ వేసి ఇల్లెందు గనులను చేరినవానికి ఇంజనుల ఖర్చు సగమగును. బొగ్గు మోసిన కూలియు దక్కును. ఈ నియమము పెట్టినదే తడవుగా, ఎవరును చెప్పకుండనే పిల్లలందరు డోర్నకలు దారి పట్టిరి. నర్సింహులపేట వైపు చూచినవాడు లేడు. మనుమరాలు తన ప్రశ్నకు తానే ఉత్తరము కనుగొనెను.

రెండవది హామీ నియమము. 1883లో నిజాము ప్రభుత్వము లండనులో ఏర్పడిన రైల్వే కంపెనీతో ఒడంబడిక చేసికొని, దాని మూలధనముపై 20 సంవత్సరములు నూటికి 5 చొప్పున వడ్డీకి పూచీపడెను. అందుచేతనే ఆ రైల్వేకు ‘నిజాము గ్యారంటీడు స్టేట్ రైల్వే’ యని పేరు. ఆటలో నొకరు ఖజానాగా కూర్చుందురు. కట్ట వేసినవాని రాబడి నూటికి 5 కన్న తక్కువైనచో ఆ లోటును ఖజానా పూడ్చవలెను. మనుమరాలు ఖజానా యయ్యెను. తక్కినవారు జంకు లేక కట్టలు వేసిరి. నాలుగు ఆవృత్తులలో ఖజానా సగమయ్యెను. “లాభము వారిది, నష్టము నాదా?” అని ఆమె కన్నీరు పెట్టుకొనెను.

1883లో హైదరాబాదున పెద్దలడిగిన ప్రశ్న ఇటువంటిదే. చాందా రైల్వే పథకపు షరతులను ప్రజల యెదుట పెట్టవలెనని కోరినందులకు సరోజినీ నాయుడు గారి తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ గారిని ఆ యేడే రాజ్యమునుండి వెడలగొట్టిరి.

ఆ సంగతి విని పిల్లలు మూడవ నియమము కావలెననిరి: ఖజానా తన కిష్టము లేనిచో పూచీ నిరాకరింపవచ్చును. మరునా డట్లే ఆడిరి. మనుమరాలు నిరాకరించెను. ఎవరిచేతను చాలినంత రూకలు లేవు. కట్ట సికింద్రాబాదుననే నిలిచిపోయెను, బొగ్గు ఇల్లెందు అడవిలోనే యుండిపోయెను. ఖజానా నిండుగా నున్నను ఆమె ముఖమున సంతోషము లేదు. పూచీ ఇచ్చుట మేలా, ఈయకుండుట మేలా యని రాత్రి భోజనముల వరకు వాదించుకొనిరి. నేను తీర్పు చెప్పలేదు.

1930లో ప్రభుత్వమే ఆ రైల్వేను కంపెనీ నుండి కొనివేసెను. మా ఆటయు ఆ యేటితో ముగియును.

ఈ నియమములు ఆటలో ఐచ్ఛికములు. ఆనాడు శిస్తు కట్టి ఖజానాను నింపిన రైతును మాత్రము, ఈ ఆట ఆడెదవా యని అడిగినవారు లేరు. మీ యింటి పిల్లలతో ఆడునప్పుడు ఒక్క ఆవృత్తియైనను మీరు ఖజానా పక్కన కూర్చుండి చూడుడు.

సెలవు.