ఉచితం నుంచి క్యూ దాకా

నైట్ డ్యూటీ దిగి వస్తూ చార్జర్ దగ్గర ఆగితే, మన ముందే రెండు కార్లు! ప్రాణం ఉసూరుమంటుంది కదండీ?

బ్రిటన్‌లో మొదట్లో ఇలా లేదు. 2011లో ఈకోట్రిసిటీ అనే కరెంటు కంపెనీ మోటార్‌వే సర్వీసుల్లో చార్జర్లు పెట్టడం మొదలుపెట్టింది. నిస్సాన్ లీఫ్ ఇక్కడ అమ్మకానికి వచ్చిందీ ఆ ఏడాదే. కార్లు తక్కువ, చార్జింగ్ ఉచితం. 2016లో డబ్బులు తీసుకోవడం మొదలైంది.

కార్లు పెరిగాయి. 2022 క్రిస్మస్‌కి అందరూ ఒకేసారి బయల్దేరారు. చలికి బ్యాటరీ తొందరగా అయిపోతుంది. కొన్ని చోట్ల గంటల కొద్దీ క్యూలో ఉండాల్సి వచ్చింది. వెళ్లేసరికి చార్జర్ చెడిపోయి ఉండటం మరో బాధ.

2023లో ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం 2024 నవంబరు నుంచి ర్యాపిడ్ చార్జర్లు ఏడాది సగటున 99 శాతం సమయం పనిచేయాలి. మామూలు బ్యాంకు కార్డుతో కట్టే వీలు, 24 గంటల ఉచిత హెల్ప్‌లైన్ ఉండాలి. 2024 చివరికి పబ్లిక్ చార్జర్లు 73 వేలు దాటాయి.

మరి కష్టం తీరిందా? డ్రైవ్‌వే ఉన్నవాళ్లు 5 శాతం వ్యాట్‌తో, రాత్రి పడుకున్నప్పుడే చార్జింగ్ పెట్టుకుంటారు. అద్దె ఫ్లాట్లలో ఉండేవాళ్లు ఇన్నేళ్లూ బయట 20 శాతం వ్యాట్ కట్టి, పైగా వరసలో ఆగారు. చార్జర్లు పెరిగినా ఈ తేడా పోలేదు.

అందుకే కారు కొనేముందు, మీ డ్యూటీ దిగే వేళకి దగ్గర్లోని చార్జర్ ఖాళీగా ఉంటుందో లేదో నాలుగు రోజులు వెళ్లి చూడండి.