చౌడునేలకు రంగుల సాక్ష్యం

పత్తికొండ పేరు వినగానే చరిత్ర చదివినవారికి రెండు సంగతులు స్ఫురిస్తాయి. ఒకటి, సమీపంలోని రాజుల మందగిరిలో ఉన్న అశోకుని శిలాశాసనం. రెండవది, 1827 జులై 6న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో కలరా సోకి అక్కడ కన్నుమూయడం. ఈ టపా మాత్రం రాజుల గురించీ కాదు, దొరల గురించీ కాదు. మట్టిలో, నీటిలో దాగిన క్షారాన్ని కొలవడానికి మనిషి రంగును సాక్షిగా నిలిపిన వైనం గురించి.

చౌడు రెండు విధాలు. వేసవిలో నేలపై తెల్లగా లవణాలు పూస్తే అది పాలచౌడు. సోడా పాలు హెచ్చి, తడిస్తే జిగురుగా, ఎండితే రాయిలా మారేది కారుచౌడు. సబ్బులు రాకపూర్వం రజకులు చౌడుమట్టి కలిపిన నీటిలో బట్టలు నానబెట్టి చాకిబానలో ఉడికించేవారు. బట్టకు మేలు చేసిన ఆ క్షారమే పైరుకు శత్రువు.

క్షారాన్ని రంగుతో గుర్తించడం మన ఇళ్లకు కొత్త కాదు. పసుపులో సున్నం కలిపితే పారాణి. బట్టమీది పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడి, నీళ్లలో జాడిస్తే మళ్లీ పచ్చబడుతుంది. అయితే గుర్తించడం వేరు, కొలవడం వేరు. ఐరోపాలో రాబర్ట్ బాయిల్ 1664లో రంగులపై రాసిన గ్రంథంలో వయొలెట్ పూల పానకం ఆమ్లంలో ఎర్రగా, క్షారంలో ఆకుపచ్చగా మారడాన్ని వర్ణించాడు. కొలత వరకు రావడానికి మరో నూరేళ్లు పట్టింది. అమెరికా నుండి ఇంగ్లండుకు వచ్చే పొటాషులో అసలు క్షారమెంతో తేల్చడానికి 1767లో విలియం లూయిస్ లిట్మస్ కాగితాన్ని వాడాడు. మన్రో పత్తికొండలో మరణించిన మరుసటి ఏడే, 1828లో, ఫ్రాన్సులో గే-లుసాక్ పొటాషు పరీక్షకు తన పద్ధతిని ప్రకటించాడు. ఈ కొలతలకు ప్రేరణ వ్యాపారమే; కల్తీ సరుకుకు వెల కట్టడం ఎవరికి ఇష్టం?

లిట్మస్‌కు ఒక చిక్కు ఉంది. సోడాలో ఆమ్లం పోస్తే వెలువడే బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగి దాన్ని తికమక పెడుతుంది. అందుకే ద్రావణాన్ని మరిగించి ఆ వాయువును తరిమేయవలసి వచ్చేది. 1871లో బేయర్ తయారుచేసిన ఫినాఫ్తలీన్‌ను 1877లో లుక్ సూచికగా ప్రవేశపెట్టాడు. ఆ వాయువుకు చలించని మిథైల్ ఆరెంజ్‌ను 1878లో లుంగే సూచించాడు. సూచికలు బలహీన ఆమ్లాలో క్షారాలో అని 1894లో ఆస్ట్వాల్డ్ వివరించాడు. 1909లో సోరెన్‌సెన్ పీహెచ్ కొలమానాన్ని ఇచ్చాక ఒక్కొక్క సూచిక హద్దులు అంకెలకెక్కాయి. మిథైల్ ఆరెంజ్ రంగు మారేది 3.1 - 4.4 మధ్య; ఫినాఫ్తలీన్ 8.3 - 10 మధ్య.

ఇక ఎంపిక సూత్రం తేలికే. ఆమ్లం, క్షారం సరిగ్గా సరిపోయిన క్షణాన ద్రావణం పీహెచ్ ఎంత ఉంటుందో, ఆ చోట రంగు మారే సూచికనే ఎన్నుకోవాలి. రెండూ బలమైనవైతే ఆ క్షణంలో పీహెచ్ ఒక్కసారిగా దూకుతుంది కనుక ఏదైనా చెల్లుతుంది. వినిగర్ వంటి బలహీనామ్లాన్ని బలమైన క్షారంతో కొలిచేటప్పుడు ఫినాఫ్తలీన్ కావాలి. అమ్మోనియాను బలమైన ఆమ్లంతో కొలిచేటప్పుడు మిథైల్ రెడ్ వంటిది తగును. రెండూ బలహీనమైతే ఏ రంగూ నమ్మదగినది కాదు.

సోడా విషయంలో ఇద్దరు సాక్షులూ నిజమే చెబుతారు, కాని వేర్వేరు ప్రశ్నలకు. ఫినాఫ్తలీన్ రంగు పోయేసరికి 10 మిల్లీలీటర్ల ఆమ్లం పడితే, మిథైల్ ఆరెంజ్ మారేసరికి మొత్తం 20 పడుతుంది. మొదటిది కార్బొనేటు బైకార్బొనేటుగా మారిన సగం దారి, రెండవది గమ్యం.

ఈ తేడా రైతుకు ప్రాణప్రదమైనది. బోరునీటిలో తరచుగా ఉండేది బైకార్బొనేటే. అటువంటి నీటిలో ఫినాఫ్తలీన్ వేస్తే గులాబీరంగే రాదు. క్షారమే లేదనుకొని ఆ నీరు పెడితే, ఏళ్ల తరబడి నేలలోని సున్నం గడ్డకట్టి, సోడియం మిగిలి, మంచి పొలం కారుచౌడుగా మారవచ్చు. అందుకే 1950లో ఈటన్ ఒక లెక్క చెప్పాడు. కార్బొనేటు, బైకార్బొనేటుల మొత్తం నుండి కాల్షియం, మెగ్నీషియంల మొత్తాన్ని తీసివేయాలి. మిగులు లీటరుకు 1.25 మిల్లీఈక్వివలెంట్లకు లోపైతే నిశ్చింత, 2.5 దాటితే ఆ నీరు సేద్యానికి తగదన్నది తరువాత స్థిరపడిన కొలబద్ద. అప్పటికే నేల చెడితే జిప్సం వేసి, మంచినీటితో కడగాలి.

పుస్తకాల్లో మార్కుల ప్రశ్నగా మిగిలిపోయిన ఈ ఎంపిక, ఎండసీమలో ఒక కుటుంబం నేల నిలుస్తుందా లేదా అన్న ప్రశ్న. సాక్షిని పిలిచేముందు అతడు దేనికి సాక్షియో తెలుసుకోవడమే వివేకం.

పాలచౌడు, కారుచౌడులకు మీ ప్రాంతంలో వేరే పేర్లుంటే తెలియజేయగలరు.